పేను చెయ్యని తప్పు

"కదలకే గుంటా! కదిలితే దువ్వెన సెవిలో దిగుతాది," అంటూ కూర్మమ్మ మోకాళ్ల మధ్య ఇరికించుకున్న తలను ఇంకాస్త కిందికి వంచింది. ఆరో తరగతి పిల్ల "అబ్బా" అని ఒకసారి మూలిగి ఊరుకుంది. కూర్మమ్మ చేతికి చిక్కిన తల ఏదైనా అంతే. మొదట గింజుకుంటుంది, కాసేపటికి జోగుతుంది.

ఆవేళ రెండో శనివారం, బడికి సెలవు. శ్రీకాకుళంలో నాగావళి వంతెన దిగి సందులోకి తిరిగితే వచ్చే ఆ బాలికల హాస్టల్లో రెండో శనివారమంటే పొద్దున తలలు చూడటం, మధ్యాహ్నం నుంచి తల్లులు రావడం. తల్లులు గేటు దాటేసరికి ప్రతి తలా నూనె రాసుకుని, రెండు జడలు మడిచి, ఎర్ర రిబ్బన్లు కట్టుకుని ఉండాలి. అందుకని తెల్లవారిన దగ్గర్నుంచి కుళాయి పక్క చప్టా మీద కూర్మమ్మ, ఆమె ముందు బారుగా పిల్లలు. మాఘమాసపు ఎండ వీపులకు తగులుతుంటే తమ వంతు రాకపోయినా ఫర్వాలేదన్నట్టు కూర్చున్నారు.

కూర్మమ్మకు అరవై దగ్గర పడ్డాయి. సన్నటి మనిషి. ముఖంలో చెప్పుకోదగ్గదేమీ లేదు, మళ్లీ చూస్తే పోల్చుకోవడం కూడా కష్టమే. గుర్తుండేవి చేతులు. పొడుగాటి వేళ్లు, రెండు బొటనవేళ్లకు పలకల్లాంటి గట్టి గోళ్లు. పేనును ఆ గోళ్ల మధ్య పెట్టి నొక్కితే టప్పుమన్న చప్పుడు బారులో చివర కూర్చున్న పిల్లకు కూడా వినబడేది. తన జుట్టు మాత్రం పూర్తిగా తెల్లబడింది. విప్పితే నడుం దాటుతుంది. విప్పగా చూసినవాళ్లు తక్కువ. ఎప్పుడూ వేలిముడే.

ఆమె చేతిలో దువ్వెన గేదె కొమ్ముతో చేసినది, పర్లాకిమిడి సరుకు. ఒకవైపు సన్న పళ్లు, ఇంకోవైపు వెడల్పు పళ్లు. పెనిమిటి గంగులు సాలూరు లారీల మీద క్లీనరుగా తిరిగే రోజుల్లో తెచ్చిచ్చాడు. ఆ తర్వాత ఒక లోడుతో రాయగడ వైపు వెళ్లి, అక్కడే ఇంకో పొయ్యి వెలిగించుకున్నాడు. కబురు తెచ్చిన డ్రైవరు ఏడుస్తుందేమోనని తల వంచుకుని నిలబడితే, "ఎల్లినోడు ఎల్లినాడు, దువ్వెన మంచిదే తెచ్చినాడు," అని కూర్మమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఏడ్చిందో లేదో చూసినవాళ్లు లేరు. ఆ దువ్వెన బొడ్డున దోపుకునే ఈ హాస్టల్లో ఆయాగా చేరింది.

ఊడవడం, నీళ్లు పట్టడం, వడ్డించడం, ఇవీ ఆమెకు అప్పగించిన పనులు. తలలు చూడమని ఎవరూ చెప్పలేదు. చేరిన కొత్తలో ఒక పిల్ల రాత్రంతా బుర్ర గోక్కుంటుంటే ఉండబట్టలేక పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ పిల్ల తల తేలికయ్యాక పక్క పిల్ల వచ్చింది. అలా ఎన్నేళ్లు గడిచాయో, ఎన్ని తలలు దాటాయో. ఇప్పటికీ ఊళ్లో ఆమె నడుస్తుంటే ఒక వింత జరుగుతూ ఉంటుంది. చంకలో బిడ్డతోనో చేతిలో సంచితోనో ఎదురైన ఆడమనిషి, కూర్మమ్మను చూడగానే తనకే తెలియకుండా చెయ్యి తల వెనక్కి పోనిస్తుంది. కూర్మమ్మకు పేర్లు గుర్తుండవు. కానీ వెంట్రుక వేళ్ల మధ్య పట్టుకుంటే ఎవరిదో చెప్పేస్తుంది. పిల్లలు కళ్లకు గుడ్డ కట్టి పరీక్ష పెట్టేవారు. ఎప్పుడూ ఓడిపోలేదు.

బారు తరిగింది. రావలసిన తల ఒకటి రాలేదు.

వరండా ఆ చివర, అందరి చాపలకూ దూరంగా వేసిన చాప మీద తులసి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో లెక్కల పుస్తకం, తలకు నల్ల స్కార్ఫు బిగించి కట్టి ఉంది. పదో తరగతి. పరీక్షలు ముంగిట్లోకి వచ్చేశాయి. కూర్మమ్మ అటు చూసింది. తులసి పేజీ తిప్పింది గాని తల ఎత్తలేదు.

దసరా సెలవుల నుంచి వచ్చిన పిల్లల తలలు చూసేటప్పుడు బయటపడింది అది. తులసి ఎడమ చెవి వెనక రూపాయి బిళ్లంత మేర ఒక్క వెంట్రుక లేదు. పొక్కు లేదు, పొట్టు లేదు, నున్నగా మెరుస్తోంది. "ఓలమ్మో! నీకు పేనుకొరుకుడే!" అని కూర్మమ్మ ఉన్న గొంతంతా పెట్టి అరిచేసింది. కుళాయి దగ్గర బిందెలు పట్టుకున్న పిల్లలందరూ విన్నారు.

ఆ మాట ఆమె పుట్టించింది కాదు. ఆమె అమ్మ అనేది, అమ్మమ్మ అనేది. పేను కొరికిన చోట జుట్టు రాలుతుంది, కొరకడం మరిగిన పేను ఇంకో తలకెక్కితే అక్కడా రాలుస్తుంది. అందరికీ తెలిసిందే. తెలిసిందే కాబట్టి ఆ సాయంత్రానికే తులసి పక్కన ఎవరూ చాప వెయ్యలేదు. రెండు రోజులకు ఆమె తువ్వాలు తీగ మీద ఒంటరిదయింది. వారం తిరక్కుండా ఆమెకు "కొరుకుడు" అని పేరు స్థిరపడింది. బళ్లో ఒకే బల్ల మీద కూర్చునే శ్రావణి కూడా వాళ్లమ్మ మాట విని బల్ల మారింది.

కూర్మమ్మకు అది పరువు సమస్య అయి కూర్చుంది. తన చేతి కింద ఇన్నేళ్లుగా ఉన్న తలల్లో తనకు చిక్కని పేనా! రోజూ బడి విడిచాక తులసిని పట్టుకుని పాయపాయా వెతికింది. పేను లేదు, ఈపి లేదు. మచ్చ మాత్రం పెరిగి ఇంకో మచ్చతో కలిసింది. ఉల్లిపాయ రుద్దింది. లొంగలేదు. చివరికి అమ్మ చెప్పిన మందు, గురివింద గింజ సాన మీద అరగదీసి పట్టించింది. ఆ రాత్రి తులసి మంటకు కాళ్లు కొట్టుకుంది. తెల్లారేసరికి నున్నటి చోట బొబ్బలు లేచి పుండయింది. ఆ రోజు నుంచి తులసి ఆమె ముందు తల వంచలేదు, స్కార్ఫు విప్పలేదు.

"కూర్మమ్మా, ఒకసారి ఇలా రా," అని వార్డెను సుభద్ర మేడమ్ గది లోంచి పిలిచింది.

సుభద్ర మేడమ్ చెడ్డ మనిషి కాదు. పిల్లలకు జ్వరమొస్తే రాత్రంతా కుర్చీలో కూర్చునే మనిషి. కానీ పైఆఫీసు నుంచి ఫోను మోగితే మాత్రం నిలబడి మాట్లాడుతుంది.

"శ్రావణి వాళ్లమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఆ పిల్ల ఉంటే తన కూతుర్ని తీసుకుపోతానంటోంది. ఇంకో నలుగురు తల్లులు కూడా అదే పాట. తులసి నాన్నకి కబురు పెట్టాను. సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడు. తగ్గాక వస్తుందిలే."

"తగ్గీసరికి పరీక్షలైపోతాయి కదమ్మా."

"ఇంటి నుంచి వచ్చి రాస్తుంది."

"మద్దిలో ఎల్లిన గుంటలు ఎవులొచ్చినారు సెప్పండి? ఆ సముద్రం ఒడ్డున మామ్మతో పాటు సేపలెండబెట్టుకుంటాది. వొచ్చీ ఏడు పెళ్లి సేసీస్తారు." కూర్మమ్మ గొంతు తగ్గించింది. "పెద్దాసుపత్రికి తీస్కెల్లి సూపిస్తాను. ఈ పూటే పంపండి. సాయంత్రానికి తెచ్చీస్తాను."

"తండ్రి లేకుండా ఆడపిల్లని గేటు దాటించకూడదు. మొన్న వేరే హాస్టల్లో పిల్ల కనబడక ఎంత గొడవైందో విన్నావుగా? నా ఉద్యోగం పోతుంది. అయినా తల్లులొచ్చే వేళ నువ్వు లేకపోతే ఎలా?"

కూర్మమ్మ మళ్లీ అడగలేదు. వంటింట్లోకి వెళ్లి ఒక గ్లాసు గంజి తాగి, గ్లాసు కడిగి బోర్లించింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ సామెత ఆమెకు ఎప్పుడూ గిట్టలేదు. తీసుకోలేమని ఊరుకుంటే సుఖంగానే ఉంటుంది, ఎవరికి? నోరు జారినవాళ్లకి. ఇక్కడ జారింది తన నోరు. అన్న మాట తన తల మీదే పడి ఉంటే ఊరుకునేది. పసిపిల్ల తల మీద పడింది.

ఆమె వరండా చివరికి నడిచి తులసి ముందు గొంతుక్కూర్చుంది.

"లెగు. ఆసుపత్రికి ఎల్దాం."

తులసి పుస్తకం లోంచి చూపు తియ్యకుండానే, "నీతోనా? నాను రాను. నీ మందు సాలు నాకు," అంది.

"మందెయ్యను. సూపిస్తాను, అంతే."

"నువ్వే కదా అన్నావు పేనుకొరుకుడని? నువ్వనకపోతే ఎవులికి తెలుస్తాది? నాను జడేసుకుని కప్పీసుకుందును." తులసి స్కార్ఫు ముడి ఇంకాస్త బిగించుకుంది. "మా అయ్య వొస్తన్నాడంట. ఎల్లిపోతాన్లే. నీకూ పీడా వొదులుతాది."

సముదాయింపు మాటలు కూర్మమ్మకు చేతకావు.

"నాను అన్నదే. అన్నది అబద్దమైతే, అబద్దమని సెప్పవలిసింది కూడా నానే. నిజమైతే నువ్వు ఎల్దువుగాని. ఏదో ఒకటి తెలకుండా ఎల్తావేటే? బేగి లెగు."

తులసి ఆమె ముఖంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత. తర్వాత పుస్తకం మూసి లేచింది.

గేటు దగ్గర వాచ్‌మన్ దాలయ్య ఉంటాడు. అందుకని ఇద్దరూ వంటింటి వెనక, కట్టెలు దించే తలుపు లోంచి బయటపడి ఆటో ఎక్కారు. ఆ తలుపు గడియ తీసినప్పుడే కూర్మమ్మకు తెలుసు, దీనికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుందని. చెప్పుకుందాం లెమ్మనుకుంది.

పెద్దాసుపత్రిలో చర్మం జబ్బుల గది ముందు బల్లలు నిండిపోయి ఉన్నాయి. తులసి ఒక చివర ఒదిగి కూర్చుంది. కాసేపటికి ఓరగా చూడటం మొదలుపెట్టింది. వేళ్ల సందుల్లో గజ్జితో ఒక పిల్లవాడు గోక్కోవద్దని తల్లి కొట్టిన చేత్తోనే మళ్లీ గోక్కుంటున్నాడు. పెదాల చుట్టూ తెల్లమచ్చలున్న చిన్నపిల్ల తాత భుజం మీద నిద్రపోతోంది. ముఖం నిండా మొటిమలతో ఒక కాలేజీ కుర్రాడు కళ్లు మాత్రమే కనబడేలా రుమాలు కట్టుకున్నాడు. అతను తులసి స్కార్ఫు చూశాడు, తులసి అతని రుమాలు చూసింది. ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు. ఎందుకో తులసి బిగించి కూర్చున్న భుజాలు కాస్త దిగాయి.

లోపలి నుంచి వచ్చిన నర్సు, "ఈ పూటకి ఇంతే, మిగతావాళ్లు సోమవారం రండి," అంటూ కూర్మమ్మ దగ్గరకు వచ్చి ఆగింది. ఆమె కుడిచెయ్యి దానంతటది తల వెనక్కి పోయింది.

"ఆయమ్మా! నువ్వా!"

కూర్మమ్మ లేచి, నర్సు టోపీ కింద నుంచి జారిన వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుంది. "ఉంగరాల జుట్టు. మెట్ల కింద పడుకునీదానివి, సీకటంటే బయం నీకు. పేరు గేపకం లేదు గాని, ఈ గుంటని ఇయ్యాలే సూపించాల తల్లీ. సోమవారానికి ఈ గుంట ఉండదు."

నర్సు ఇంకేమీ అడక్కుండా తలుపు తెరిచింది.

డాక్టరమ్మ చిన్నది, చదువు పూర్తి చేసి ఎన్నాళ్లో అయినట్టు లేదు. తులసి స్కార్ఫు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోతే తొందరపెట్టలేదు, లేచి కిటికీ పరదా లాగింది. అప్పుడు తులసి ముడి విప్పింది. డాక్టరమ్మ దీపం వంచి, భూతద్దం పెట్టి చూసింది. వేలి గోళ్లు చూసింది.

"ఈ పుండ్లు ఎలా వచ్చాయి?"

"నానే," అంది కూర్మమ్మ. "గురివింద గింజ అరగదీసి ఎట్టినాను. పేనుకొరుకుడికి అదే మందని మా యమ్మ సెప్పింది."

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే కూర్మమ్మకు తేలిగ్గా ఉండేది. "గురివింద గింజలో విషం ఉంటుందమ్మా. ఇంకెప్పుడూ ఎవరికీ పెట్టకు. ముందు ఈ పుండు మాన్పాలి, తర్వాతే జుట్టుకి మందు. ఇక పేను సంగతంటావా? పేను రక్తం తాగుతుంది, దురద పెడుతుంది. వెంట్రుకని మాత్రం ఏమీ చెయ్యదు. ఈ మచ్చకీ పేనుకీ సంబంధమే లేదు."

"మరి ఎవులు కొరికినట్టు?"

"ఎవరూ కొరకలేదు. రోగాలతో పోట్లాడే శక్తి మన ఒంట్లో ఉంటుంది. అది ఒక్కోసారి పొరబడి సొంత వెంట్రుకల కుదుళ్ల మీదే పడుతుంది. ఎందుకు పొరబడుతుందో పూర్తిగా ఎవరికీ తెలియదు. ఈ పిల్ల చేసిన తప్పేమీ లేదు."

తులసి మొదటిసారి నోరు విప్పింది. "మళ్లీ మొలుస్తాదా అండి?"

"చాలామందికి మొలుస్తుంది. నెలలు పట్టవచ్చు. మొలిచి మళ్లీ రాలనూవచ్చు. నీకు అబద్ధం చెప్పను. మందు వాడుతూ ఉండు, చూపించుకుంటూ ఉండు, చదువుకుంటూ ఉండు."

కూర్మమ్మ ముందుకు వంగింది. "ఒకలి తల్నుంచి ఒకలికి ఎల్తాదా తల్లీ? తువ్వాలొల్ల? సాపొల్ల?"

"వెళ్లదు."

"దువ్వెనొల్ల?"

"దువ్వెన వల్లా రాదు."

"ఈ గుంటకి దువ్వి, అదే దువ్వెన నా తలలో ఎట్టుకున్నా?"

"పెట్టుకో," అని డాక్టరమ్మ నవ్వి, ఇది అంటువ్యాధి కాదని చీటీ మీద తెలుగులోనే రాసి ఇచ్చింది.

బయటికొచ్చి మందుల సంచి పట్టుకుని నడుస్తూ నడుస్తూ కూర్మమ్మ ఉన్నట్టుండి మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. తులసి హడలిపోయింది.

"ఏటయింది ఆయమ్మా?"

"దసరా నుంచి ఆ పేను కోసం ఎతుకుతన్నాను కదే! నాకు కళ్లు మందగించినాయనుకున్నాను. లేని పేను ఏటి దొరుకుతాది!" నవ్వుతుండగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "పేను సెయ్యని తప్పు పేను మీదేసినాం. నువ్వు సెయ్యని తప్పు నీ మీదేసినాం. తప్పు నాదే గుంటా. నీ నెత్తి కాల్సింది కూడా నానే."

తులసి ఆమె కొంగు చివర పట్టుకుని లేవదీసింది.

ఆటో సందు మలుపు తిరిగేసరికి హాస్టలు గేటు బయటే గుంపు కనబడింది. దాలయ్య పరుగెత్తుకొచ్చాడు. వరండా నిండా తల్లులు. సుభద్ర మేడమ్ ముఖం పాలిపోయి ఉంది.

"ఎక్కడికి తీసుకుపోయావు పిల్లని? ఊరంతా వెతికించాను! కనబడటం లేదని పైఆఫీసుకి కూడా చెప్పేశాను!"

స్తంభం పక్కన తులసి తండ్రి ఎర్రన్న నిలబడి ఉన్నాడు. ఉప్పుగాలికి నల్లగా కాలిన మనిషి. కూతుర్ని చూశాక పట్టుకున్న స్తంభం వదిలాడు. "ఎవులికీ బరువవకు. పెట్టె తెచ్చుకో తల్లీ, బస్సుకి ఎల్దాం," అన్నాడు మెల్లగా.

"నాను రానయ్యా," అంది తులసి.

కూర్మమ్మ చీటీ వార్డెను చేతికిచ్చింది. సుభద్ర మేడమ్ మనసులో ఒకసారి, పైకి ఒకసారి చదివింది. తల్లుల్లో గుసగుసలు లేచాయి. శ్రావణి తల్లి, పేరు చిన్నతల్లి, ముందుకొచ్చింది. పొలం పనుల నుంచి నేరుగా బస్సెక్కి వచ్చినట్టుంది, పాదాలకు ఇంకా మట్టి ఉంది. కూతురంటే ప్రాణం, అందుకే గొంతు అంత పెద్దది.

"కాయితానికేటమ్మా, ఎన్నయినా రాస్తారు. మా గుంట తలకొస్తే ఆ డాక్టరమ్మ వొచ్చి జుట్టెడతాదేటి? పేనుకొరుకుడని ఈ ఆయమ్మే సెప్పినాదంట కదా. ఇప్పుడు కాదంతాదా?"

"నానే సెప్పినాను," అంది కూర్మమ్మ. "తెలకుండా సెప్పినాను. మందని ఎట్టి పుండు సేసినాను. అదీ నానే. ఇప్పుడు తెలిసి సెప్తన్నాను. ఇది పేను కాదు, అంటీది కాదు."

"నోటితో ఎన్నయినా సెప్తావు."

"నోటితో సెప్పను."

కూర్మమ్మ చప్టా మీద తన చోట కూర్చుని, బొడ్డున ఉన్న దువ్వెన తీసి, "తులసమ్మా, రా," అని పిలిచింది. తులసి కదల్లేదు. అంతమంది ముందు స్కార్ఫు విప్పడమంటే ఏమిటో కూర్మమ్మకు తెలుసు. మళ్లీ పిలవలేదు, ఎదురుచూసింది. తులసి తండ్రి వైపు చూసింది, శ్రావణి వైపు చూసింది. తర్వాత చప్టా దగ్గరకు నడిచొచ్చి, నిలబడే ముడి విప్పి, స్కార్ఫు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎవరో తల్లి "అయ్యో" అంది. ఎర్రన్న ముఖం తిప్పుకున్నాడు. అతను కూడా అప్పుడే చూడటం.

పుండు తగలకుండా, వెడల్పు పళ్లవైపు పెట్టి కూర్మమ్మ మెల్లగా దువ్వింది. మిగిలిన జుట్టంతా నుదుటి నుంచి మెడ దాకా దువ్వింది. తర్వాత ఎడమచేత్తో తన వేలిముడి లాగేసింది. తెల్లటి జుట్టు వీపు మీద జారింది. దువ్వెనను కుళాయి కింద కడగలేదు, కొంగుకు తుడవలేదు. అలాగే తన పాపిట్లో పెట్టి, కొస దాకా ఒక్క లాగు లాగింది. మళ్లీ పెట్టి మళ్లీ లాగింది.

"సూసినారా? మళ్లీ రెండో శనివారం రండి, ఆ పై రెండో శనివారం రండి. నానెక్కడున్నా వొచ్చి నా తల సూసుకోండి. రూపాయి బిళ్లంత ఊడితే ఈ గుంటని నానే ఆళ్లయ్య సేతిలో ఎడతాను."

పిల్లల గుంపు లోంచి శ్రావణి బయటికొచ్చింది. చిన్నతల్లి "ఒసే, ఎక్కడికే?" అంటుండగానే తులసి పక్కన చప్టా మీద కూర్చుని జడలు విప్పుకుంది.

"కడగనా?" అని అడిగింది కూర్మమ్మ.

"వొద్దు," అంది శ్రావణి.

కూర్మమ్మ దువ్వుతుంటే చిన్నతల్లి చూస్తూ నిలబడింది. ఆపడానికి ఒక చెయ్యి లేచింది గాని సగంలోనే దిగిపోయింది. "గుంటలే కూకున్నాక నానేటంతాను," అని కొంగు దోపుకుని వెనక్కి తగ్గింది. ఎర్రన్న వార్డెను వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఉంచుతారా అమ్మా?"

"ఉంటుంది," అంది సుభద్ర మేడమ్. "పరీక్షలు రాసే వెళ్తుంది."

తల్లులు వెళ్లాక మేడమ్ కూర్మమ్మను గదిలోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది.

"రేపు ఆదివారమైనా ఆఫీసు నుంచి మనిషి వస్తాడు. పిల్ల ఎలా బయటికెళ్లిందని అడుగుతాడు. తల మీద పుండెందుకైందని అడుగుతాడు. నేనేం చెప్పను కూర్మమ్మా?"

"నా పేరే సెప్పండి. నిజమే కదా."

"నిన్ను తీసేస్తారు."

"గుంటని తీస్తారా?"

"దాన్నెందుకు తీస్తారు?"

"అయితే సాలు. ఆ మనిషొచ్చి తీసీదాకా ఎందుకు, నాను ఈ పూటే ఎల్లిపోతాను. అడిగితే అప్పుడే తీసీసినామని సెప్పండి. మీ మీదకి రాదు."

సుభద్ర మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆపగలనని ఆమెకు నమ్మకం లేదు. ఆపమని కూర్మమ్మ అడగలేదు. ఇన్నేళ్ల చాకిరీ ఒక్క పూటలో ముగిసిందే అని కూర్మమ్మకు బాధ వేసింది. వేసిన మాట నిజం. కానీ పొద్దున గంజి తాగినప్పుడు గొంతులో ఉన్న ముల్లు ఇప్పుడు లేదు.

దీపాలు పెట్టే వేళకు ఆమె రోజూలాగే వరండా ఊడ్చింది. తొట్లు నింపింది. దూరంగా ఉన్న తులసి చాపను ఎత్తి దులిపి, తీసుకొచ్చి మిగతా చాపల వరసలో వేసింది. తువ్వాలు కూడా తీగ మీద అందరి తువ్వాళ్ల మధ్యకు జరిపింది. పిల్లలు అన్నాలకు కూర్చున్నారు. లోపల గిన్నెల చప్పుడుతో పాటు తులసి గొంతు వినబడింది, పప్పు ఇంకొంచెం వెయ్యమంటూ. దసరా తర్వాత ఆ గొంతు అంత గట్టిగా వినడం అదే. కూర్మమ్మ ఒక క్షణం ఆగి విని, రెండు చీరలున్న మూట చంకన పెట్టుకుంది.

గేటు తీస్తూ దాలయ్య, "ఈయేలప్పుడు ఎక్కడికి అప్పా?" అన్నాడు.

"శ్రీకూర్మం, మా తమ్ముడు కాడికి. ఆడికీ మనవరాళ్లున్నారు. తలలకేటి కరువా?" అంటూ బొడ్డు తడుముకుంది. అక్కడ ఏమీ లేదు. ఆమె కంగారు పడలేదు, వెనక్కి రాలేదు. చిన్నగా తల ఊపి, బస్సుకోసం వంతెన వైపు నడిచింది.

చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరకొచ్చిన తులసి, సబ్బు పెట్టుకునే గూట్లో కొమ్ము దువ్వెన చూసింది. దాని పళ్ల మధ్య పొడుగాటి తెల్ల వెంట్రుక ఒకటి, దానికి చుట్టుకుని నల్లవి రెండు ఉన్నాయి. ఆ రెండిట్లో ఏది తనదో, ఏది శ్రావణిదో తులసికి తెలియలేదు.